కళాశాల బేస్‌బాల్‌లో చెక్క బ్యాటే నియమం కావాలి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇప్పుడు క్రికెట్‌తో పాటు బేస్‌బాల్ కూడా ఆడుతున్నారు. కొందరు కళాశాల జట్ల దాకా వెళ్తున్నారు. మా అబ్బాయి అలా వెళ్లిన పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. అందుకే, ఇక్కడ ఏళ్ల తరబడి నలుగుతున్న ఒక ప్రశ్నను మీ పాఠకుల ముందు పెట్టాలనిపించింది. అమెరికాలో అగ్రశ్రేణి వృత్తి ఆటగాళ్లు ఆడే మేజర్ లీగ్‌లో చెక్క బ్యాట్ తప్ప మరొకటి పనికిరాదన్న నియమం ఉండగా, అక్కడికి చేరాలని కలలు కంటున్న కళాశాల ఆటగాళ్ల చేతికి లోహపు బ్యాట్ ఎందుకు ఇవ్వాలి?

గత వసంతంలో ఒక ఆటలో బ్యాటర్ కొట్టిన బంతి నేలను తాకకుండా సూటిగా మావాడి ముఖం మీదికి వచ్చింది. వాడు గ్లవ్ ఎత్తింది బంతిని పట్టడానికి కాదు, ముఖాన్ని కాపాడుకోవడానికి. గ్లవ్ అంచు దాటి మణికట్టుకు తగిలిన ఆ బంతి కుట్ల వరుస చర్మం మీద ఎర్రగా అచ్చుపడి, వారం రోజులైనా పోలేదు. బ్యాట్ 'టింగ్' మని మోగడం, గ్లవ్ మీద దెబ్బ పడడం నాకు వేరువేరుగా వినిపించనే లేదు. లెక్క వేస్తే అందులో వింతేమీ లేదు. పిచ్చర్ కాలు మోపే పలక నుంచి బ్యాటర్ పక్కన నిలబడే హోం ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. విసిరిన ఊపులో వాడు ముందుకు వచ్చాక మిగిలేది సుమారు 54 అడుగులు. గంటకు 100 మైళ్ల వేగంతో తిరిగి వచ్చే బంతి ఆ దూరాన్ని సెకనులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ సమయంలో దాటేస్తుంది.

అమెరికా కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 1974లో అల్యూమినియం బ్యాట్లను అనుమతించింది. చెక్క బ్యాట్లు విరుగుతాయి, లోహపువి ఏళ్ల తరబడి నిలుస్తాయి, కళాశాలకు ఖర్చు కలిసి వస్తుందన్నది నాటి ఆలోచన, అందులో తప్పు లేదు. అయితే లోపల బోలుగా ఉన్న గొట్టం బంతి తగలగానే కొంచెం లోపలికి నొక్కుకుపోయి, తిరిగి ఉబ్బి బంతిని తోసేస్తుంది. గట్టి కర్రకు ఆ గుణం లేదు. తయారీదారులు ఆ గుణాన్నే పెంచుకుంటూ పోయారు. చివరికి 1998లో ఒమాహాలో జరిగిన కళాశాలల జాతీయ పోటీ కాలేజ్ వరల్డ్ సిరీస్ ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా జట్టు 21-14 అనే అసాధారణమైన పరుగుల లెక్కతో అరిజోనా స్టేట్‌ను ఓడించే స్థితి వచ్చింది. ఆ తరువాత బ్యాట్ల మీద ఆంక్షలు మొదలయ్యాయి. 2011లో బీబీసీఓఆర్ అనే ప్రమాణం పెట్టి, బ్యాట్ నుంచి బంతి ఎంత జోరుగా ఎగిరివస్తుందో కొలిచే గుణకం 0.50 దాటకూడదన్నారు. దాంతో ఒక్క ఏడాదిలోనే జాతీయ బ్యాటింగ్ సగటు (బ్యాటర్ ప్రయత్నాల్లో బంతిని కొట్టి బేస్ చేరినవాటి వాటా) .305 నుంచి .282కు, ఒక్కో జట్టు ఆటకు కొట్టే హోం రన్లు (మన సిక్సర్ లాంటివి) 0.94 నుంచి 0.52కు దిగాయి. బ్యాట్ల ప్రభావం అంతకు ముందు ఎంతగా ఉండేదో ఈ అంకెలే చెబుతున్నాయి.

ఇప్పుడు లోహపు బ్యాట్ చెక్కకు దాదాపు సమానమే కదా, ఇంకా ఈ రగడ ఎందుకని కొందరు అడుగుతారు. ఆ గుణకం వరకు ఆ మాట చాలావరకు నిజమే. కానీ ఆట మొత్తం ఆ అంకెలోనే లేదు. బోలు బ్యాట్‌లో బరువును చేతుల వైపుకు జరపవచ్చు కాబట్టి అంతే బరువున్న కర్ర కంటే దాన్ని వేగంగా తిప్పవచ్చు. పైగా కార్బన్ నార వంటి మిశ్రమ పదార్థంతో చేసిన కాంపోజిట్ బ్యాట్లు కొన్ని వాడేకొద్దీ మెత్తబడి, బంతిని మరింత వేగంగా తోస్తాయి. లోపలి గోడను చెక్కేసి అక్రమంగా పదును పెట్టేవారూ ఉన్నారు. అందుకే పోటీకి ముందు బ్యాట్లను నొక్కి పరీక్షించాల్సి వస్తోంది. కర్రకు ఇవేవీ అక్కర్లేదు.

నా అసలు బాధ మరొకటి. పిచ్చింగ్‌లో గొప్ప విద్య, బంతిని బ్యాటర్ చేతులకు దగ్గరగా, శరీరం వైపుకు విసరడం. చెక్క బ్యాట్ ఉన్నవాడు ఆ బంతిని పిడి దగ్గర ఆడితే బ్యాట్ విరుగుతుంది, అరచేతులు జిల్లుమంటాయి, బంతి మెల్లగా పిచ్చర్ ముందే దొర్లుతుంది. పిచ్చర్ గెలుస్తాడు, గెలవాలి కూడా. లోహపు బ్యాట్ చేతిలో ఉంటే అదే బంతి పిడి దగ్గర తగిలి కూడా బేస్‌ల దగ్గర కాపు కాసే లోపలి ఆటగాళ్ల తలల మీదుగా వెళ్లి పడుతుంది, బ్యాటర్ మొదటి బేస్ చేరుకుంటాడు. మంచి బంతికి ఇలా రెండుసార్లు శిక్ష పడ్డాక ఏ కుర్రవాడైనా బయటి వైపే విసరడం అలవాటు చేసుకుంటాడు. బ్యాటర్‌కూ నష్టమే. తన తప్పు తనకు తెలియదు. వేసవిలో కళాశాల ఆటగాళ్లు చెక్క బ్యాట్‌తోనే ఆడే, మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లీగ్‌కు వెళ్లినవారిలో చాలామంది సగటు పడిపోవడానికి కారణాల్లో ఇదొకటి. ఆ లీగ్ 1985 నుంచి చెక్కకే కట్టుబడి ఉంది. అందుకే మేజర్ లీగ్ జట్ల పరిశీలకులు అక్కడికి వరుస కడతారు.

ఖర్చు వాదం కూడా ఇప్పుడు నిలవదు. మేలు రకం లోహపు లేదా కాంపోజిట్ బ్యాట్ నాలుగైదు వందల డాలర్లు పలుకుతోంది. ఆ డబ్బుకు మంచి మేపుల్ కర్రలు మూడు నాలుగు వస్తాయి. చెక్కకూ లోపాలున్నాయని ఒప్పుకుంటాను. మేపుల్ బ్యాట్ చీలి ముక్క ఎగిరి తగిలే ప్రమాదం ఉంది, బ్యాట్లకు వాడే మరో రకం, ఆష్ చెట్లను ఒక పురుగు తినేస్తోంది. చెక్కతో కొట్టిన బంతి కూడా మనిషిని చంపగలదు. అయినా మోంటానాలో 2003లో అల్యూమినియం బ్యాట్ నుంచి వచ్చిన బంతి తలకు తగిలి 18 ఏళ్ల పిచ్చర్ మరణించాడు. ప్రమాదాన్ని ముందుగా హెచ్చరించనందుకు బ్యాట్ తయారీ సంస్థ 8 లక్షల 50 వేల డాలర్లు చెల్లించాలని 2009లో జ్యూరీ తీర్పు ఇచ్చింది. న్యూయార్క్ నగర పాలక మండలి 2007లో మేయర్ వీటోను కూడా తోసిపుచ్చి, ఉన్నత పాఠశాలల్లో లోహపు బ్యాట్లను నిషేధించింది.

మన క్రికెట్‌లో ఈ ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగితే, బంతి పాడవుతోందని ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ బ్రేర్లీ అభ్యంతరం చెప్పాడు. 1980 నిబంధనల్లో బ్యాట్ చెక్కతోనే ఉండాలని రాశారు. అక్కడితో వివాదం ముగిసింది.

కళాశాల నియమాలు చెక్క బ్యాట్‌ను నిషేధించలేదు. కానీ ఎదుటి జట్టు లోహంతో ఆడుతుంటే ఒక్క ఆటగాడు, ఒక్క కళాశాల చెక్క పట్టడం సాధ్యం కాదు. కాబట్టి ఇది అందరికీ ఒకేసారి వర్తించే నియమంగా రావాలి. ఎన్‌సీఏఏ బేస్‌బాల్ నియమాల సంఘం వెంటనే అందుకు సిద్ధపడకపోతే, ముందు శరదృతువు సాధన ఆటలన్నిటినీ చెక్క బ్యాట్‌తో ఆడించి ఫలితాలను ప్రకటించాలి. పిల్లలను ఈ ఆటకు పంపే తెలుగు తల్లిదండ్రులు తమ కోచ్‌లకు, కళాశాలల క్రీడా విభాగాలకు ఈ మేరకు ఉత్తరాలు రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నేను మా అబ్బాయి కళాశాలకు నిన్ననే రాశాను.

భవదీయుడు,
ఒక పిచ్చర్ తండ్రి,
న్యూజెర్సీ