పిల్లల భద్రత, మన సర్టిఫికెట్: నాట్య గురువుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో సభలు, సన్మానాలు, త్యాగరాజ ఆరాధనలో మన పిల్లల ప్రదర్శనల గురించి చదువుతుంటాం. అవన్నీ ఈసారీ జరిగాయి, ఫొటోలు మన వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఏడాదంతా కార్యవర్గం సమయాన్ని తిన్నది ఒక్కటే పని: పిల్లలకు నాట్యం నేర్పే గురువులకు భద్రతా శిక్షణ, క్లాసు నడిచే చోట్లకు తనిఖీ, ఆ తర్వాత సర్టిఫికెట్. అందుకే నివేదిక కూడా చాలావరకు దాని గురించే.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టినప్పుడు ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మనలో చాలామందికి సర్టిఫికెట్టో, డిప్లొమానో, ఎం.పి.ఏ.నో (ప్రదర్శన కళల్లో పీజీ) ఉన్నాయి. వాటి కోసం అడుగులు, జతులు, నట్టువాంగం, శాస్త్ర శ్లోకాలు నేర్చుకున్నాం. పదేళ్ల పాప మోకాలు ఎంతవరకు వంగితే మంచిదో, క్లాసులో పిల్ల కళ్లు తిరిగి పడిపోతే ముందు ఏం చేయాలో, ఒక పిల్ల వచ్చి చెప్పకూడని మాటేదో చెబితే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. 2023లో చెన్నైలోని నాట్య విద్యాసంస్థ కళాక్షేత్రలో విద్యార్థినులు వేధింపుల మీద ధర్నాకు దిగినప్పుడు అందరం టీవీల్లో చూశాం. "అది అక్కడి సంగతి" అని ఊరుకున్నవాళ్లూ మనలో ఉన్నారు. కానీ గురువు కాళ్లకు మొక్కి క్లాసు మొదలుపెట్టే పిల్ల అదే గురువు గురించి ఇంట్లో ఫిర్యాదు చేయాలంటే ఎంత ధైర్యం కావాలి? మన ఊళ్లో ఫిర్యాదులు రాలేదు కాబట్టి తప్పులు కూడా జరగలేదనుకోవడానికి వీల్లేదు.

మొదటి శిక్షణ పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం మీద. ఒక మహిళా న్యాయవాది, ఒక మహిళా పోలీసు అధికారి వచ్చి సగం రోజు మాట్లాడారు. 2012 నాటి ఈ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి ఒక్కరూ, ఆడపిల్లయినా మగపిల్లవాడయినా, పిల్లల కిందే లెక్క. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని సంస్థ నడిపేవారు దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా. ఇక్కడే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ముందు మనలో మనం విచారించుకుని, నిజమని తేలితే అప్పుడు చెబుదాం, లేకపోతే పిల్ల పరువు పోతుంది కదా" అని ఒక సీనియర్ సభ్యుడు లేచి అన్నారు. న్యాయవాది గారి జవాబు సూటిగా వచ్చింది: నిజమో కాదో తేల్చడం మన పని కాదు, మనం అడిగే ప్రతి అదనపు ప్రశ్నా ఆ పిల్లను ఇంకోసారి బాధపెడుతుంది, పేరు బయటకు రాకుండా చూసే బాధ్యత చట్టంలోనే ఉంది. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 నంబర్లు పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి సభ్యులందరికీ ఇచ్చాం. వాటిని ఆఫీసు బీరువాలో కాకుండా పిల్లల కంటబడే చోట అంటించండి.

మనలో ఎక్కువమందికి తెలియని సంగతి ఇంకొకటి ఆరోజు బయటపడింది. 2020లో వచ్చిన పోక్సో నియమాల్లో బడులు, క్రీడా అకాడమీలతో పాటు పిల్లలు క్రమం తప్పకుండా వచ్చే సంస్థలన్నీ సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని, అప్పుడప్పుడు శిక్షణ ఇప్పించాలని ఉంది. పాఠం చెప్పేవారు, చెప్పనివారు, కాంట్రాక్టు మీద వచ్చేవారు అన్న తేడా లేదు. అంటే గురువుతో పాటు మృదంగం వాయించే ఆయన, ఆదివారం క్లాసు చూసుకునే సీనియర్ విద్యార్థి, వాచ్‌మన్, పిల్లల్ని ప్రోగ్రామ్‌కు తీసుకెళ్లే వ్యాన్ డ్రైవర్ అందరూ ఇందులోకి వస్తారు. "ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను, నేను పోలీస్ స్టేషన్‌కు వెళ్లి మంచివాడినని రాయించుకోవాలా" అన్న కోపం మాకు అర్థమవుతుంది. ఆ కోపం చల్లారడానికి ఉపన్యాసాలేమీ పనికిరాలేదు. మన సంఘంలో అందరికన్నా పెద్దావిడ, మనందరం అమ్మగారు అని పిలిచే గురువు, తన కాగితం తానే ముందుగా తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత మాట్లాడినవాళ్లు తక్కువ. మెల్‌బోర్న్‌లో కూచిపూడి క్లాసు నడుపుతున్న మన పాత సభ్యురాలు వీడియో కాల్‌లో చెప్పిన మాట కూడా పనికొచ్చింది. అక్కడ పిల్లలతో పనిచేయాలంటే ప్రభుత్వ తనిఖీ అయ్యాక వచ్చే అనుమతి ఉండాలి, దాన్ని ఐదేళ్లకోసారి కొత్తగా తీసుకోవాలి. అవమానంగా అనిపించలేదా అని అడిగితే ఆవిడ నవ్వేసి, "డ్రైవింగ్ లైసెన్సు చూపించమంటే అవమానమా?" అన్నారు.

స్పర్శ గురించిన చర్చ ఎక్కువసేపు నడిచింది. భుజం దించాలన్నా, నడుము నిలబెట్టాలన్నా చేత్తో సరిచేయడం మనకు అలవాటు. పూర్తిగా ముట్టుకోవద్దంటే నాట్యం నేర్పలేం అన్నది నిజమే. ముందు మాటతో చెప్పాలి, తర్వాత తన ఒంటి మీద చూపించాలి, అయినా కుదరకపోతే "భుజం పట్టుకుంటున్నాను" అని చెప్పి, పిల్ల ఒప్పుకుంటేనే తాకాలి. ఒక్కరికే క్లాసు చెబుతుంటే తలుపు తెరిచి ఉండాలి, తల్లిదండ్రులు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి కూర్చోవచ్చు. తాళం కర్ర తాళం వేయడానికే, పిల్లల్ని కొట్టడానికి కాదు. మా రోజుల్లో దెబ్బలు తినే నేర్చుకున్నాం అని గొప్పగా చెప్పుకోవడం మానేస్తే మంచిదని నా అభిప్రాయం. పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవారు వాళ్లను కొట్టి హింసిస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద అది నేరం.

ఫిజియోథెరపిస్టు గారి రెండు సెషన్లు నిండిపోయి, మెట్ల మీద కూడా కూర్చున్నారు. మన క్లాసుల్లో సగానికి సగం గ్రానైటు, పాలరాయి, సిమెంటు గచ్చుల మీద నడుస్తున్నాయి. చెప్పుల్లేని కాళ్లతో గంటసేపు అడుగులు తడితే ఆ దెబ్బంతా మడమలకు, పిక్క ముందు ఎముకకు, మోకాళ్లకు పోతుంది. ఎదిగే వయసులో ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి, కాబట్టి మోకాలి చిప్ప కింద నొప్పి అంటే "బద్ధకం" అని కొట్టిపారేయకూడదు. అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో) పాదాలు పక్కకు తిప్పడం తుంటి దగ్గర మొదలవ్వాలి. మోకాలి దగ్గర మెలిపెడితే పదేళ్ల తర్వాత ఆ పిల్ల మెట్లు ఎక్కలేకపోవచ్చు. నురగ మ్యాట్లు పరిస్తే సరిపోతుందనుకున్నాం గానీ, మరీ మెత్తగా ఉంటే చీలమండ మెలిపడుతుందట. కర్ర పట్టీల మీద ప్లైవుడ్డు, పైన వినైల్ షీటు వేసుకోవడం మనకు అందుబాటులో ఉన్న మార్గం. అదీ కుదరని అద్దె ఇళ్లలో తట్టు అడుగుల సమయం తగ్గించి అభినయం, తాళం ఎక్కువ చెప్పుకోవచ్చు.

కూచిపూడి తరంగం విషయంలో కార్యవర్గం నిర్ణయం కొందరికి నచ్చలేదు. పళ్లెం అంచు మీద నిలబడి, నెత్తిన నీళ్ల చెంబు పెట్టుకుని చేసే తరంగానికి చప్పట్లు ఎక్కువ పడతాయి కాబట్టి తల్లిదండ్రులే తొందరపెడతారు. పదేళ్ల లోపు పిల్లలకు పళ్లెం వద్దు. ఆపైన కూడా చీలమండ బలం చూసి గురువే తేల్చాలి, చెంబు నీళ్లు ఒలికిన స్టేజి మీద తుడవకుండా అడుగు వేయించకూడదు. "వార్షికోత్సవానికి పిల్ల పళ్లెం మీద కనిపించాలి" అనే అమ్మకు సర్దిచెప్పడం గురువు పనే.

బెణుకుల గురించి ఒక మాట. కాలు వాచగానే మందు వేసి గట్టిగా రుద్దడం, లేదంటే నేరుగా పుత్తూరు కట్టుకు తీసుకెళ్లడం మన దగ్గర మామూలే. కట్టు మీద మీకున్న నమ్మకాన్ని నేను కాదనను, కానీ ముందు ఎక్స్‌రే తీయించండి. మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టి, కాలు ఎత్తులో ఉంచండి. రుద్దొద్దు. సీపీఆర్ (గుండె ఆగినవారి ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం) శిక్షణలో బొమ్మ ఛాతీ మీద నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు నొక్కడం చేయించారు. లయ తప్పకుండా నొక్కడంలో డాక్టర్ గారు మనవాళ్లను బాగా మెచ్చుకున్నారు, తాళజ్ఞానం ఇలా కూడా ఉపయోగపడింది. నొక్కడం మొదలుపెట్టకముందే పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలన్నది మాత్రం మరిచిపోకండి. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ క్లాసులోనే ఉండాలి, కారులో కాదు.

చోటు తనిఖీలు అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టినవి. మన క్లాసులు చాలావరకు డాబా మీద రేకుల షెడ్లలో ఉన్నాయి, అద్దె తక్కువ కాబట్టి. ఎక్కడానికీ దిగడానికీ ఒకే ఇరుకు మెట్ల దారి, మధ్యలో చెప్పుల గుట్ట, మీటర్ బోర్డు పక్కనే స్పీకర్ల వైర్లు. 2019 మే నెలలో సూరత్‌లో పై అంతస్తు కోచింగ్ క్లాసులో చిక్కుకుని 22 మంది విద్యార్థులు చనిపోయిన అగ్నిప్రమాదం వీడియో తనిఖీ బృందం చూపించాక, ఇద్దరు సభ్యులు తమంతట తామే క్లాసు కింది అంతస్తుకు మార్చారు. మన మాజీ అధ్యక్షుల షెడ్డుకు రెండో దారి లేదని సర్టిఫికెట్ ఆపాం. ఆయన మీద గౌరవం లేక కాదు. ఇనుప మెట్లు వేయించాక ఇస్తామని చెప్పాం, పని నడుస్తోంది. వేసవి క్యాంపులు ఆదాయం వచ్చే రోజులని తెలుసు, అయినా మే నెలలో రేకుల కింద పది గంటల తర్వాత క్లాసు వద్దు.

ప్రోగ్రామ్‌ల దగ్గర కొత్త పద్ధతులు ఇప్పుడిప్పుడే అలవాటవుతున్నాయి. ఆడపిల్లలకు డ్రెస్సు కట్టే చోట మగవాళ్లు ఉండకూడదు, మేకప్ ఆయన పనిచేసేచోట తల్లి గానీ మహిళా వాలంటీరు గానీ ఉండాలి, గ్రీన్ రూమ్‌లో ఫోన్ కెమెరా తీయకూడదు. రీల్స్‌లో పిల్లల ముఖం పెట్టాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలి. 2016లో విజయవాడలో ఆరు వేల మందికి పైగా కలిసి కూచిపూడి చేసినప్పటి నుంచి రికార్డు ప్రదర్శనల ఆహ్వానాలు ఎక్కువయ్యాయి. ఇకపై నీళ్లు, మరుగుదొడ్లు, పిల్లలు ఎండలో ఎంతసేపు నిలబడాలి అన్నవి నిర్వాహకులు రాతలో ఇస్తేనే మన సంఘం తరఫున పిల్లల్ని పంపుతాం.

సర్టిఫికెట్ సంగతి. గురువుకు ఒకటి, చోటుకు ఒకటి, రెండూ వేరు. ఇది ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కాదు, సంఘం మాట మాత్రమే. అందుకే రెండేళ్లకే గడువు పెట్టాం. ఇల్లు మారితే చోటు సర్టిఫికెట్ చెల్లదు. ఫ్లాటులో ముగ్గురు నలుగురు పిల్లలకు చెప్పుకునే గురువులు ఖర్చు భరించలేమన్నారు. వాళ్లకు తనిఖీ రుసుము తీసేశాం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండరు సంఘం నిధుల నుంచే ఇస్తున్నాం. పోలీస్ వెరిఫికేషన్, పోక్సో శిక్షణ విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు, కార్యవర్గంతో సహా.

ఈ సమావేశంలో ఓటుకు పెడుతున్న తీర్మానం ఇది: సర్టిఫికెట్ లేని సభ్యుల పేర్లు వచ్చే ఏడాది నుంచి సంఘం పంచే గురువుల జాబితాలో ఉండవు. మాకు వచ్చే ఫిర్యాదులు చూడడానికి సంఘం బయటివారు ఇద్దరు, అందులో ఒకరు తల్లిదండ్రుల తరఫున, ఉండాలన్నది రెండో తీర్మానం. మొదటిదాని మీద అభ్యంతరాలు ఇప్పటికే వచ్చాయి, చర్చకు సమయం ఉంచాం. శిక్షణకు రాలేకపోయిన వారికి దసరా సెలవుల తర్వాత మరో విడత ఉంటుంది. పేర్లు సంయుక్త కార్యదర్శి గారి దగ్గర రాయించండి, పోలీస్ వెరిఫికేషన్ రసీదు జిరాక్సు జతచేయడం మరవకండి.

కార్యదర్శి