తీరం లెక్కలు ఒడ్డుకు చేరాలి: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

విశాఖ సముద్రం మీద లెక్కలకు కొదవ లేదు. 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ ఇక్కడి ఇసుక ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తరుగుతుందో కొలిపించారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ కెరటాల అంచనా ఇస్తోంది. తీరం ఎక్కడెంత కోసుకుపోయిందో చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం పటాలు వేస్తోంది. సముద్రాన్ని పరిశోధించే ఎన్‌ఐఓ, సముద్ర చేపల మీద పరిశోధన చేసే సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రాలైతే మన ఊళ్లోనే ఉన్నాయి. ఇంతా చేసి, జాలరిపేటలో తెల్లారకముందే పడవ దించేవాళ్లకు కావాల్సిన ముక్క మాత్రం వేళకు చేతికందదు. ఈ ఏడాది మన పనంతా దాదాపు దాని చుట్టూనే తిరిగింది.

వలలు బాగుచేసుకునే పాక దగ్గర నల్లబోర్డు పెట్టి, రోజూ సాయంత్రం మర్నాటి అంచనా రాస్తున్నాం. అందరి చూపూ ముందు కెరటం ఎత్తు మీదే పడేది. "నిన్నా మీటరున్నరే, ఇవాళా మీటరున్నరే. నిన్న పడవ హాయిగా దిగింది, ఇవాళ బోల్తా కొట్టేలా ఉందేంటి బాబూ?" అని ఒక పెద్దాయన నిలదీశారు. జవాబు పక్క గడిలోనే ఉంది. ఒక కెరటం వెనక ఇంకో కెరటం ఎన్ని సెకన్లకు వస్తుందన్నది అసలు సంగతి. ఇక్కడి గాలికి లేచేవి ఆరేడు సెకన్లకొకటి వస్తాయి. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టి వచ్చేవి పదిహేను సెకన్లు దాటతాయి. ఎత్తు అంతే అయినా ఒడ్డు దగ్గర లేచి విరిగేటప్పుడు దెబ్బ వేరు. ఇప్పుడు సెకన్లను ఎర్ర సుద్దతో రాస్తున్నాం. ఇన్‌కాయిస్ ఇచ్చే చేపలుండే చోట్ల సూచనలో లోతు మీటర్లలో వస్తుంది, మనవాళ్లు బారల్లో చెప్పుకుంటారు కాబట్టి మార్చి రాస్తున్నాం. మబ్బు పట్టిన రోజున ఈ చేపల గడి ఖాళీగా ఉంటే రాసేవాళ్లను తిట్టకండి, చేపల జాడ పట్టేది సముద్రం వేడిని, రంగును బట్టే, మబ్బు కింద అవి ఉపగ్రహానికి కనబడవు.

బీచ్ రోడ్డు గోడకు ఇనప ఫ్రేము బిగించాం. అందులో ఫోను పెట్టి ఎవరు నొక్కినా ఒకే కోణంలో ఫొటో వస్తుంది. సిడ్నీలో 2017లో మొదలైన పద్ధతి ఇది, ఖర్చు తక్కువ. వేసవి ఫొటో, డిసెంబరు ఫొటో పక్కపక్కన పెట్టి "బీచ్ పోయింది" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు ఒక్క మాట. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఇసుక ఉత్తరాన భీమిలి వైపు నడుస్తుంది, తర్వాత కొన్ని నెలలు వెనక్కి వస్తుంది. ఏ నెలను ఆ నెలతోనే పోల్చాలి. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1970లలో కట్టిన విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ గోడలు దానికి అడ్డుపడతాయి. అందుకే అక్కడ పేరుకున్న ఇసుకను తవ్వి ఆర్కే బీచ్‌కు తోడిపోస్తుంటారు. పోసింది ఎన్నాళ్లు నిలుస్తోందో మన ఫొటోల్లో తేలాలంటే ఇంకొన్నేళ్లు పట్టాలి.

కొలతల కోసం సమాచార హక్కు కింద ఒక కార్యాలయాన్ని అడిగాం. గడువు దాటాక జెరాక్సుకు జెరాక్సు తీసిన కాగితాలు వచ్చాయి, అంకెలు చదవడానికి లేవు. అప్పీలు వేశాం. ప్రజల డబ్బుతో కొలిచిన ఇసుక లెక్క దాచుకోవాల్సిన రహస్యమేమీ కాదు.

సమాచారం ఇవ్వడంలో మనకూ ఒక పేచీ వచ్చింది. వల చిక్కుకునే రాళ్లు, ప్లాస్టిక్ ఎక్కువ పడే చోట్లు, జెల్లీ చేపలు కమ్మిన రోజులు చేపల వేటగాళ్లు పటం గీసే విద్యార్థులకు ధారాళంగా చెప్పారు. చేప దొరికే చోట్లు మాత్రం పటంలో పెట్టొద్దన్నారు. పెద్ద బోట్లు వచ్చి ఊడ్చేస్తాయన్న భయం ఉత్తదేం కాదు. అందుకే కార్యవర్గం తీర్మానించింది: ఇసుక, కెరటం, చెత్త వివరాలు ఎవరడిగినా ఇస్తాం, వేట చోట్లు చెప్పినవాళ్ల సొత్తు, వాళ్ల అనుమతి లేనిదే బయటకు పోవు. కొందరు సభ్యులకు ఇది నచ్చలేదు, సమావేశంలో మాట్లాడుకుందాం.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో రాత్రి గస్తీకి కుర్రాళ్లు వెళ్లారు, వాళ్లకు టీ ఖర్చు సంఘమే పెట్టుకుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో బోర్డుకు సెలవిచ్చి, పిల్లలకు అంచనాలు చదవడం నేర్పాం. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

బోర్డు రాయడానికి మంగళ, శనివారాల్లో మనిషి లేరు. చేతిరాత బాగున్నవాళ్లు పేరివ్వండి. ఫ్రేము బోల్టులకు తుప్పు పట్టింది, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయడానికి సభ్యుల ఆమోదం కావాలి.

ఇట్లు,
కార్యదర్శి