వంగిన టైళ్ల గురించి

తల్లీ,

నీ ఉత్తరం అందింది. 60 టైళ్లలో 19 టైళ్ల మూలలు లేచాయని, తప్పంతా బట్టీదేనని రాశావు. ఫోటోలు చూశాను. పాపం, బట్టీని ఏమీ అనకు. లోపలికి వెళ్లేసరికే వాటిలో వంపు ఉంది, నీ కంటికి కనబడలేదంతే.

పచ్చి పలకను ఒక మూల పట్టుకుని ఎత్తి ఉంటావు. మళ్లీ ఎంత చదును చేసినా మట్టి ఆ వంపును మరచిపోదు. ఆరేటప్పుడో కాలేటప్పుడో బయటపెడుతుంది. రెండు చెక్కల మధ్య పెట్టి తిప్పాలి గానీ చేత్తో ఎత్తకూడదు. పైగా అంచులు నడిమి భాగం కంటే ముందే ఆరి కుంచించుకుంటాయి, అందుకే వాటి మీద ప్లాస్టిక్ కప్పి ఉంచమనేది. మన మట్టిని 17 సెంటీమీటర్లకు కోస్తే కాలాక 15కు వస్తుంది. ఆ రెండు సెంటీమీటర్లూ అన్ని వైపులా సమానంగా తగ్గాలి. తొందరపడి ఫ్యాను పెట్టావేమో అని నా అనుమానం. నేనూ పెట్టాను ఒకప్పుడు, తాతయ్య రెండు రోజులు మాట్లాడలేదు.

అడ్డంగా పగిలిన ఆ మూడింటి సంగతి వేరు. పగులు అంచును వేలితో కాదు, కంటితో చూడు, కోసుకుంటుంది. గ్లేజు, అదే టైలు మీది గాజులాంటి పూత, కరిగి గుండ్రంగా తిరిగి ఉంటే ముందే పగిలినట్టు. గాజు ముక్కలా పదునుగా ఉంటే చల్లారేటప్పుడు పగిలినట్టు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా కుంచించుకుంటుంది, అప్పుడు చల్లగాలి తగిలితే ఇక అంతే. నిజం చెప్పు, తలుపు ఎప్పుడు తెరిచావు? నీ వయసులో నేను ఆత్రం ఆపుకోలేక తెరిచి, టింగ్ టింగ్ మంటూ గ్లేజంతా సన్నగా బీటలు వారుతుంటే వింటూ నిలబడ్డాను. వంద డిగ్రీల లోపుకు దిగేదాకా తాళంచెవి అమ్మ దగ్గర పెట్టు.

నీ కొత్త తీగల డిజైను మాత్రం నాకు బాగా నచ్చింది. కోబాల్ట్ కాస్త తగ్గించు. గ్లేజులో నూటికి ఒక పాలు పడినా చిక్కటి నీలం వస్తుంది, నువ్వు వేసినదానికి తీగ నల్లబడింది.

ఇంకో మాట. గది పొడిగా ఊడ్చకు, తడిగుడ్డతోనే తుడువు. ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తాతయ్య దగ్గు నీకు గుర్తుండే ఉంటుంది.

వంగినవాటిని పారేయకు. వచ్చే వారం వచ్చాక బల్ల మీద వరసగా పరచి, ఏ టైలును ఏ మూల పట్టుకుని ఎత్తావో ఒక్కొక్కటీ నేనే చెబుతాను.

నాన్న