చిన్నోడా, ముందు అన్నం తిను

చిన్నోడా,

యేసయ్య నామంలో అమ్మ దీవెనలు. నిన్న రాత్రి ఫోన్‌లో ఏడుపు ఆపుకుంటూ "బాగానే ఉన్నామ్మా" అన్నావు చూడు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఉద్యోగం పోవడం కంటే, "నాకు విశ్వాసం ఉంటే ఇట్లా కుంగిపోతానా" అన్నావే, ఆ మాట నన్ను ఎక్కువ పొడిచింది. ఫోన్‌లో అయితే నాకూ ఏడుపొస్తుందని రాస్తున్నా.

ఆ మాట ఎవరు చెప్పినారో గానీ బైబిల్లో లేదు నాయనా. మొదటి రాజులు 19వ అధ్యాయం మళ్లీ చదువు. కర్మెలు కొండ మీద బయలు అనే దేవతను కొలిచే 450 మంది ప్రవక్తల ముందు ఒక్కడే నిలబడిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి చంపుతాననేసరికి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. దేవుడు కోప్పడినాడా? దూతతో నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పంపించినాడు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి తట్టి లేపి, నీ దారి నీ శక్తికి మించింది, లేచి తిను అని చెప్పినాడు. ఇక్కడ ఏం చేస్తున్నావని దేవుడు అడిగింది ఆ తర్వాత, నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరినాక.

మనవాళ్లు ఓదార్పుకి "దేవుడు శక్తికి మించిన కష్టం ఇవ్వడు" అంటారు. నేనూ ఎంతోమందితో అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి మొదటి పత్రికలో రాసింది శోధనలో పడిపోకుండా దేవుడు తప్పించుకునే దారి చూపిస్తాడని. అదే పౌలు రెండో పత్రిక మొదట్లోనే, ఆసియాలో మా శక్తికి మించిన భారంతో కుంగిపోయాం, బతుకుతామనే ఆశ కూడా లేకపోయిందని దాచకుండా రాసుకున్నాడు. ఆయన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అన్న ప్రభువు మాట వచ్చింది. బలం వచ్చినాక కాదురా, బలహీనతలోనే.

నువ్వు ఏడో తరగతిలో ఉన్న ఏడు గుర్తుందా, శెనక్కాయ చేను ఊడలు దిగే టైమ్‌కి వాన మొహం చాటేసింది, బోరు కూడా ఎండిపోయింది. ఆ ఆదివారం నేను చర్చిలో నిలబడి, దేవుడు మమ్మల్ని బలంగా నిలబెట్టినాడు అని సాక్ష్యం చెప్పి ఇంటికొచ్చి తలుపేసుకున్నా. సాయంత్రం పక్కవీధి అవ్వ సంగటి, ఊరుబిండి తెచ్చి నా ముందు పెట్టి, "తిను తల్లీ, తిన్నాక ఏడుద్దువు" అనింది. ప్రార్థన కూడా చేయలేదు, నేను తినేదాకా పక్కన కూర్చుంది అంతే. ఆ రోజు నా సాక్ష్యం కంటే ఆ సంగటి ముద్దలోనే నాకు దేవుడు కనిపించినాడు.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసయ్యే, నా ప్రాణం మరణమంత దుఃఖంలో ఉంది, నాతో మెలకువగా ఉండండి అని తన శిష్యులు పేతురును, యాకోబును, యోహానును అడిగినాడు. ఆయనే అడిగినప్పుడు నువ్వెందుకు ఒక్కడివే మోస్తావు? మీ నాయనకి నేనింకా చెప్పలేదు, నువ్వే చెప్పు. ఏమీ అనడు, ఆ బోరు ఎండిన రాత్రి ఆయన ఏడవడం నేను చూసినా.

శనివారం బెంగళూరులో రైలెక్కు. గుత్తి స్టేషన్‌కి మీ నాయన బండి తెస్తాడు. రూము ఖాళీ చేసే సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ రాత్రి మాత్రం కడుపు మాడ్చుకుని పడుకోవద్దు, ఏం తిన్నావో నాకు మెసేజ్ పెట్టు.

మీ అమ్మ