జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్ గారికి, పబ్లిక్ టాయిలెట్లలో పిల్లల బల్ల గురించి ఆటోనగర్ నించి ఒక ఉత్తరం

కమిషనర్ గారికి నమస్కారమండి. నాకు ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపుంది, గేట్లు, గ్రిల్స్, హోటళ్ళకి స్టీల్ టేబుళ్ళు చేస్తుంటాం. ఇంట్లో ఏడాది నిండని పాప ఉంది. ఈ రెండింటి వల్లే ఈ ఉత్తరం రాయాల్సొచ్చింది. అడిగేది చిన్న విషయమే, బీచ్ రోడ్డు మీద, మార్కెట్ల దగ్గర, పార్కుల్లో మీ టాయిలెట్లున్నాయి కదా, వాటిల్లో పసిపిల్లలకి డైపర్ మార్చడానికి గోడకి బిగించి మడిచేసే బల్లలు పెట్టించండి. కాకపోతే కేటలాగ్‌లో బొమ్మ చూసి ఆర్డర్ ఇచ్చేసి, రిబ్బన్ కట్ చేసి, ఆర్నెల్లకి ఊడి వేలాడే బల్ల అయితే వద్దండి బాబూ, దానికన్నా ఇప్పుడున్నట్టే నయం.

జనం ఇప్పుడేం చేస్తున్నారో చూడాలంటే ఆదివారం సాయంత్రం సబ్‌మెరైన్ మ్యూజియం ముందు కాసేపు నిలబడితే చాలు. కారున్నోళ్ళు వెనక సీట్లో కానిచ్చేస్తారు. బండి మీద వచ్చినోళ్ళు గట్టు మీద తువ్వాలు పరుస్తారు, మొగుడు చున్నీ అడ్డం పట్టుకుంటాడు, ఆవిడ గబగబా మార్చేస్తాది, ఆ గాలికి చున్నీ ఒక చోట నిలవదు. ఇంట్లో అయితే అమ్మమ్మలు కాళ్ళు బారజాపుకుని బిడ్డని రెండు కాళ్ళ మధ్య పల్లంలో పడుకోబెడతారు, అటూ ఇటూ దొర్లే ప్రసక్తే లేదు, గోడకి పెట్టే బల్ల మధ్యలో గుంటగా ఉండాలనేది కూడా అచ్చం అదే లెక్క. మరి పబ్లిక్ టాయిలెట్‌లో ఆ తడి నేల మీద ఏ అమ్మమ్మ కూచుంటాది చెప్పండి. వాష్‌బేసిన్ పక్క గట్టు జానెడుంటాది, అందులో సగం నీళ్ళే.

ఇది కొత్త కోరికేం కాదు. బహిరంగ ప్రదేశాల్లో పాలిచ్చే గదులు, పిల్లల్ని చూసుకునే గదులు ఉండాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, ఉన్న బిల్డింగుల్లో వీలైనంత వరకూ ఏర్పాటు చెయ్యమని, కొత్తవి కట్టేటప్పుడు ప్లాన్‌లోనే జాగా వదలమని. తమిళనాడు బస్టాండుల్లో పాలిచ్చే గదులు 2015లోనే పెట్టారు. అమెరికాలో 2016లో ఒక చట్టం చేశారు, జనం వచ్చే కేంద్ర ప్రభుత్వ బిల్డింగుల్లో ఆడవాళ్ళ వైపూ మగవాళ్ళ వైపూ రెండు చోట్లా ఈ బల్ల ఉండాలని. ఆ రెండు చోట్లా అన్న మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. మన దగ్గర మాల్స్‌లో ఎక్కడన్నా బల్ల ఉంటే అది ఎక్కువగా లేడీస్ వైపే. పాపని ఎత్తుకుని నేను ఒక్కణ్ణే వెళ్తే నాకు దారేది? లోపలికెళ్ళే ఎవరో అక్కని బతిమాలుకోవాలా? మా ఆవిడ డ్యూటీలో ఉన్నప్పుడు పాప నాతోనే తిరుగుద్ది, ఈ ఊళ్ళో నాలాంటోళ్ళు బోలెడుమంది ఉన్నారు, తాతలు కూడా. రెండు వైపులా పెట్టడానికి చోటు లేకపోతే బయట నించే తలుపుండే ఫ్యామిలీ గది ఒకటి ఇవ్వండి, ఎవరైనా వెళ్తారు. దివ్యాంగుల టాయిలెట్‌లో పెడితే ఇంకా బాగుంటాది, కాకపోతే చాలా చోట్ల ఆ గదిలో చీపుర్లూ బకెట్లూ పెట్టి తాళం వేసేస్తున్నారు, ముందు ఆ తాళం తియ్యాలి. పైగా బల్ల తెరిచున్నా వీల్‌చెయిర్ తిరగాలి, దానికి మీటరున్నర చోటు కావాలి.

ఇక నా పనిలోకొస్తాను. ఈ బల్లల్లో ఫెయిలయ్యేది ఎక్కువగా బల్ల కాదండి, గోడ. లెక్క చూడండి. బల్ల తెరిస్తే గోడ నించి అరమీటరు ముందుకొస్తాది. ఆ చివర అంచు మీద ఎవరన్నా మోచేతులానించి వాలారు, 40 కిలోల బరువు పడిందనుకోండి. పై బోల్టులకీ, గోడకి ఆనే వెనక ప్లేటు కింద అంచుకీ మధ్య 25 సెంటీమీటర్లే ఉంటే, పై బోల్టుల్ని 80 కిలోల బలం గోడలోంచి బయటికి లాగుద్ది. అదే వెనక ప్లేటు పొడుగు 50 సెంటీమీటర్లు చేస్తే ఆ లాగుడు సగానికి, 40కి పడిపోద్ది. ఇంత చిన్న మార్పు, ఓ కిలోన్నర స్టీలు ఎక్కువ, కానీ డ్రాయింగ్‌లో ఎవడూ అడగడు కాబట్టి ఎవడూ చెయ్యడు. తర్వాత మన గోడలు. పాత టాయిలెట్లలో ఇటుక, కొత్తవాటిల్లో ఫ్లైయాష్ ఇటుక, కొన్ని చోట్ల తేలికైన ఏఏసీ బ్లాకులు, పైన టైల్. టైల్ వెనకాల సిమెంట్ పూర్తిగా పట్టదు, గుల్లగా ఉంటాది, వేలితో కొడితే డబ్ డబ్‌మంటాది. కుర్రోడు డ్రిల్ పెట్టి, ఆ బెజ్జంలో ప్లాస్టిక్ గట్టా (బిరడా లాంటిది) కొట్టి స్క్రూ బిగించి వెళ్ళిపోతాడు, ఆ స్క్రూ పట్టుకునేది టైల్‌నీ ఇటుకల మధ్య సందునీ. సబ్బు పెట్టెకి అది చాలు, పిల్లల బల్లకి చాలదు. బ్లాకు గోడైతే బోల్టు ఇటు నించి అటు పూర్తిగా దూరి, అవతల వైపు ప్లేటేసి నట్టు బిగించాలి. అవతల పక్క ఇంకో గది ఉంటే ఉండనీండి, నట్టు మీద ఒక క్యాప్ వేస్తే సరిపోద్ది.

రెండోది తుప్పు. ఇది విశాఖపట్నం అండి, బీచ్ రోడ్డు మీద బాల్కనీ గ్రిల్ రెండు వర్షాకాలాలు ఆగితే గొప్ప. టెండర్‌లో ఉత్తినే ఎస్ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాస్తే మీకొచ్చేది 202 గ్రేడ్, అది చవక, కొత్తలో తళతళలాడతాది, ఉప్పుగాలికి చుక్కలు చుక్కలుగా గోధుమరంగు తేలిపోద్ది. మీ సైట్ ఇంజనీరు అయస్కాంతం పెట్టి చూసి అంటుకోలేదు కాబట్టి మంచిదే అంటాడు, అయస్కాంతానికి 202కీ 304కీ తేడా తెలీదండి, రెండూ అంటుకోవు. 304 ఊరి లోపల పర్లేదు. సముద్రం పక్కన బోల్టులూ కీళ్ళూ మాత్రం 316 ఉండాలి, దాంట్లో మాలిబ్డినం 2 నించి 3 శాతం ఉంటాది, ఉప్పుని ఆపేది అదే. ఉందో లేదో చూడ్డానికి చుక్కల మందు దొరుకుద్ది, ఒక చుక్క వేస్తే రంగు మారుద్ది, పెద్ద ఖర్చు కాదు. బిడ్డ పడుకునే పళ్ళెం మాత్రం స్టీలు వద్దు, మేడ మీద వాటర్ ట్యాంకులు చేసే పాలిథిలిన్‌తోనే చేయించండి, తుప్పు పట్టదు, అంచులు గుండ్రంగా వస్తాయి. ఫైబర్ కూడా వద్దు, పగిలితే నూగు లేచి పిల్లల చర్మానికి గుచ్చుకుంటాది.

ఇంకోటి యాసిడ్. మన టాయిలెట్లు కడిగేది యాసిడ్‌తో, దాని పొగ స్టీలుని తినేస్తాది, బ్లీచింగ్ కూడా అంతే. బల్లకి సబ్బు నీళ్ళు, పొడి గుడ్డ, అంతే వాడాలని పారిశుధ్య కార్మికులకి చెప్పాలి, చెప్పి ఊరుకోకుండా ఆ సబ్బూ గుడ్డా మీరే ఇవ్వాలి. పొద్దుటి షిఫ్ట్ వాళ్ళ మీద ఇదో అదనపు పని అని తిట్టుకునేలా చెయ్యకండి, వాళ్ళకి ఇప్పటికే చాలా పనుంది.

మూడోది నీళ్ళు, నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. విదేశీ బల్లలన్నీ తడి టిష్యూతో తుడిచేసే వాళ్ళ కోసం డిజైన్ చేసినవి. మనం కడుగుతాం. పాపకి విరేచనం అయితే ఏ తల్లైనా టిష్యూతో సరిపెట్టుకుంటాదా, నీళ్ళు పడాల్సిందే, పడకపోతే ఆవిడకి రాత్రి నిద్ర పట్టదు. చాలామంది ఇంకా గుడ్డ లంగోటాలే కడుతున్నారు. అంటే బల్ల ఎక్కడో మూల పెట్టి కుళాయి ఇంకో మూల ఉంటే ఏటి లాభం, తడిచిన పాపని ఎత్తుకుని అటూ ఇటూ నడవాలా? బల్లకి చెయ్యి చాచే దూరంలో చిన్న హ్యాండ్ షవర్ ఒకటి, కింద ఒక తొట్టి, పళ్ళెం కాళ్ళ వైపుకి కొంచెం వాలుగా ఉండి నీళ్ళు ఆ తొట్టిలోకి జారేలాగా. ఇదేం రాకెట్ సైన్స్ కాదు, హోటళ్ళకి గిన్నెలు తోమే సింకుల్లో మేం రోజూ చేసేదే. షవర్ ప్రెషర్ మాత్రం తగ్గించి పెట్టాలి, లేకపోతే పాపతో పాటు నాకూ స్నానమే.

మిగతావి చిన్న చిన్నవి, త్వరగా చెప్పేస్తాను. ఎత్తు 80 సెంటీమీటర్ల దగ్గర పెట్టండి, మన ఆడవాళ్ళ సగటు ఎత్తు 152 సెంటీమీటర్లే, కేటలాగ్ బొమ్మలో చూపించినంత ఎత్తున పెడితే మా అత్తగారు మునివేళ్ళ మీద నిలబడాలి. మూసినప్పుడు గోడ నించి 10 సెంటీమీటర్లు మించి పొడుచుకు రాకూడదు, కర్రతో నడిచే చూపు లేనివాళ్ళకి తగలకుండా. దబ్బున పడకుండా కారు డిక్కీకుండే గ్యాస్ రాడ్ లాంటిది వెయ్యండి, మా ఏరియాలోనే దొరుకుద్ది, పాడైతే పది నిమిషాల్లో మార్చొచ్చు. కీలు దగ్గర పిల్లల వేలు దూరే సందు ఉండకూడదు. తలుపు వెనక పెట్టొద్దు, చేతులారబెట్టే మిషన్ పక్కన అసలే వద్దు, ఆ మోతకి నిద్రపోయే పిల్లలు కూడా లేచి ఏడుస్తారు. బ్యాగుకి కొక్కెం కావాలి, నేల మీద పెట్టే పరిస్థితి మీకు తెలుసు కదా. బెల్టు ఉండాలి గానీ బెల్టుని నమ్మకూడదు, చెయ్యి తియ్యొద్దని బొమ్మ వేసి తెలుగుతో పాటు ఒడియా, హిందీలో కూడా రాయించండి, ఒడిశా నించి, ఛత్తీస్‌గఢ్ నించి టూరిస్టులు బోల్డుమంది వస్తారు. డస్ట్‌బిన్ కూడా ఆ చెయ్యి తియ్యకుండానే అందే దూరంలో, కాలితో తొక్కితే తెరుచుకునేది. డైపర్‌ని చుట్టి తడి చెత్తలో కలపకుండా వెయ్యాలని 2016 ఘన వ్యర్థాల రూల్స్‌లోనే చెప్పారు, కానీ వెయ్యడానికి డబ్బా లేకపోతే జనం కమోడ్‌లో పడేస్తారు, తర్వాత పైపు బ్లాకైందని మళ్ళీ మీరే మనిషిని పంపాలి.

అన్నట్టు, అసలు చోటుంటే మడత బల్ల కూడా అనవసరం. మడత అంటే కీలు, కీలు అంటే రిపేరు. కొత్తగా కట్టేవాటిల్లో ఒక మూల కడప బండ వేసి, మూడు వైపులా నాలుగంగుళాల అంచు కట్టి, పక్కన కుళాయి ఇచ్చేయండి, ఇంట్లో వంటగట్టు ఎన్నేళ్ళుంటాదో అదీ అన్నేళ్ళుంటాది, దొంగలకి కూడా పనికిరాదు. మీద పరుచుకునే గుడ్డ ఎవరిది వాళ్ళే తెచ్చుకుంటారు. నా షాపుకి దీంట్లో రూపాయి పని లేదు, అయినా చెప్తున్నాను. మడత బల్ల ఇరుకు చోట్లకే ఉంచండి, ఆ ఇరుకు చోట్లే మనకి ఎక్కువ, అది వేరే సంగతి.

బస్టాండు కాంప్లెక్స్ ఆర్టీసీ వాళ్ళది, స్టేషన్ రైల్వే వాళ్ళది, కైలాసగిరి అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ వాళ్ళది, జూ అటవీ శాఖది, అవన్నీ మీ చేతిలో లేవని తెలుసండి. మీ చేతిలో ఉన్నవాటితో మొదలుపెట్టండి, చూసి వాళ్ళూ అడుగుతారు. 2017 స్వచ్ఛ్ సర్వేక్షణ్‌లో ఇండోర్, భోపాల్ తర్వాత మూడో ర్యాంకు తెచ్చుకున్న ఊరు మనది, ఈ మాత్రం చెయ్యలేమా.

టెండర్‌లో మాత్రం ఈ ముక్క తప్పకుండా రాయించండి. బిగించిన ప్రతి బల్ల మీదా, మీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి ఎదురుగా, రెండు సిమెంట్ బస్తాలు, అంటే 100 కిలోలు, ఒక గంట పెట్టి ఉంచాలి. దించాక గోడ దగ్గర టైల్ చిట్లిందా, బోల్టు కదిలిందా, పళ్ళెం వంగిందా చూసి, ఫోటో తీసి, ఆ ఫోటో ఫైల్‌లో పెట్టాకే బిల్లు. వర్షాకాలం అయ్యాక ఒక బోల్టు విప్పి చూసే రూలు కూడా పెట్టండి, తుప్పుంటే డిపాజిట్ కట్. నేను కొటేషన్ వేసినా నాకూ ఇదే రూలు. డ్రాయింగ్ కావాలంటే ఊరికే గీసిస్తాను, మీ ఇంజనీర్లని ఒకసారి ఆటోనగర్ పంపండి, శాంపిల్ పీసు కూడా చేసి చూపిస్తాం, బస్తాలు మాత్రం వాళ్ళే తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఆటోనగర్ నించి ఒక ఫ్యాబ్రికేటర్, గాజువాక