ఇటలీ సంతల గురించి ఫొటోలు కాదు, వేళలు అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా వీధి సంతల పేరుతో రోమ్‌లోని కాంపో దె ఫియోరీ, వెనిస్‌లోని రియాల్తో ఫొటోలే కనిపిస్తున్నాయి. అవి చూడదగ్గవి కావని నేను అనను. కాంపో దె ఫియోరీలో 1869 నుంచి సంత జరుగుతోంది. 1600లో తత్వవేత్త జోర్దానో బ్రూనోను సజీవ దహనం చేసిన ఆ చౌకులోనే, ఆయన విగ్రహం చుట్టూ కూరగాయల బల్లలు పరుస్తారు. అయితే ఇప్పుడు ఆ బల్లల్లో చాలా వాటిమీద ఉండేవి పర్యాటకుల కోసం కట్టిన రంగురంగుల పాస్తా పొట్లాలు, మసాలా మిశ్రమాలు, నిమ్మ మద్యం సీసాలు. చదువుకో, ఉద్యోగానికో నేనుండే ఈ ఇటలీకి వచ్చి నాలుగు రోజులు వండుకు తినవలసినవారికి వాటితో పని లేదు. వారికి కావలసింది తాముండే పేటలోని సంత. దాన్ని ఎలా కనుక్కోవాలో మాత్రం ఎవరూ రాయడం లేదు.

ఇక్కడి సంతలు స్థూలంగా రెండు రకాలు. ఆదివారం తప్ప దాదాపు ప్రతి ఉదయం సాగే పేట మార్కెట్ ఒకటి. వారంలో ఒకటి రెండు రోజులు మాత్రమే ఒక వీధినో కూడలినో ఆక్రమించుకునే సంత మరొకటి. ఈ రెండో రకం వ్యాపారులు వ్యాన్లలో సరుకు వేసుకుని రోజుకో ఊరు తిరుగుతుంటారు. ఏ రకమైనా సాధారణంగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రెండింటికల్లా ముగిసిపోతుంది. ఆ వెంటనే మునిసిపాలిటీ సిబ్బంది వీధి ఊడ్చేస్తారు, సాయంత్రానికి అక్కడ కార్లు నిలబడి ఉంటాయి. పొద్దంతా మ్యూజియాల్లో గడిపి సాయంత్రం షికారుకు బయలుదేరే కొత్తవారికి తమ వీధి చివరే సంత ఉందని నెలల తరబడి తెలియకపోవడానికి కారణం ఇదే.

కనుక్కోవడానికి నమ్మకమైన ఆధారం రోడ్డుమీదే ఉంది. బండ్లు నిలపరాదని చెప్పే గుండ్రటి నీలి బోర్డు కింద చిన్న పలక ఒకటి ఉంటుంది; సంత జరిగే వీధిలో దానిమీద వారం పేరు, గంటలు, కొన్నిచోట్ల ‘మెర్కాతో’ (సంత) అనే మాట, బండిని ఈడ్చుకుపోయే లారీ బొమ్మ కనిపిస్తాయి. అడ్డంగా వేసిన రెండు సుత్తుల గుర్తు ఉంటే పని దినాలని అర్థం, శనివారం కూడా అందులోకే వస్తుంది. శిలువ గుర్తు ఆదివారాలకూ సెలవులకూ. నగర పాలక సంస్థల వెబ్‌సైట్లలోనూ సంతల చిరునామాలు, రోజులు దొరుకుతాయి. పాత గైడ్లను మాత్రం నమ్మలేం. రోమ్‌లో పియాత్సా విత్తోరియో మార్కెట్ 2001లోనే పక్కనున్న పాత సైనిక బారకాసుల్లోకి మారింది. టెస్టాచ్చో మార్కెట్ 2012లో కొత్త భవనానికి తరలింది. ఇప్పటికీ పాత చోటికి వెళ్లి ఖాళీ చౌకును చూసి తిరిగొచ్చేవారున్నారు.

ఇక సంతలో అడుగుపెట్టాక మనవారికి మొదట అడ్డొచ్చేది టమాటాలను నొక్కి చూసి ఏరుకునే అలవాటు. ఇక్కడ చాలా బల్లల దగ్గర సరుకును కొనేవారు ముట్టుకోరు; వ్యాపారే తీసి ఇస్తాడు. నష్టమేమీ లేదు. పండు ఇవాళే తినడానికా, రెండు రోజులు ఆగడానికా అని చెబితే దానికి తగిన కాయనే ఎంచి ఇస్తారు. వరుస కనిపించదు కాబట్టి వచ్చిన వెంటనే నమస్కారం చెప్పి, ఆఖరున ఎవరున్నారో అడిగి, వారి తర్వాత మన వంతు అని గుర్తుపెట్టుకోవాలి. ముందుకు తోసుకువెళితే పెద్దావిడలు క్షమించరు. జున్ను, ఆలివ్‌ల వంటివాటిని ‘ఎత్తో’, అంటే వంద గ్రాముల లెక్కన అడుగుతారు కనుక పలకమీది ధర కిలోకా, ఎత్తోకా అన్నది చూసుకోవడం అవసరం. తాజా పండ్లు, కూరగాయలు చాలావాటికి ఏ దేశంలో పండాయో రాసిపెట్టాలన్నది యూరోపియన్ యూనియన్ నిబంధన. కొందరు రైతులు తమ ఊరి పేరు కూడా రాస్తారు. తిండి సరుకులకు బేరం ఆడరు, పాత సామాను సంతల్లో మాత్రం ఆడతారు.

నేనుండే టురిన్‌లో పోర్తా పలాత్సో ఉంది. యూరప్‌లోని అతి పెద్ద బహిరంగ మార్కెట్లలో ఒకటిగా దాన్ని చెబుతారు. అక్కడ మొరాకో వారి దగ్గర పుదీనా, కొత్తిమీర కట్టలు దొరుకుతాయి. రోమ్‌లో ఎస్క్విలీనో మార్కెట్‌లో బంగ్లాదేశ్ వారు బెండకాయలు, కాకరకాయలు, పప్పులు అమ్ముతారు. మనవారు సంతకు వెళితే తరచుగా వీటి కోసమే వెళ్లి, అవి సంచిలో పడగానే వెనుదిరుగుతారు. నా ఫిర్యాదు కొంత వారిమీద కూడా. పోర్తా పలాత్సోలో చుట్టుపక్కల పల్లెల రైతులు తాము పండించినది తామే అమ్ముకునే రేకుల షెడ్డు ఒకటుంది. వేసవి చివర అక్కడికి కార్మాన్యోలా మిరపలు వస్తాయి, మన చేతికంటే పెద్దవి, కారం బొత్తిగా లేనివి. శీతకాలంలో నిత్సా మోన్‌ఫెర్రాతో ప్రాంతపు ‘కార్దో గొబ్బో’ అనే కాడలు వస్తాయి. మొక్కను వంచి మట్టి కప్పి, వెలుతురు తగలనీయకుండా తెల్లగా, లేతగా పెంచుతారు. వాటిని ఎలా వండాలో అడిగితే ఆ రైతు మన ఇటాలియన్ ఎంత కుంటినడక నడిచినా ఓపికగా చెబుతాడు. సూపర్‌మార్కెట్‌లో ఈ మాటలు దొరకవు.

డబ్బు విషయంలో రెండు మాటలు. కార్డు తీసుకోనన్న వ్యాపారికి 2022 జూన్ 30 నుంచి జరిమానా ఉంది; అయినా చిల్లర యూరోలు దగ్గరుంటే ఇద్దరికీ సుఖం. సంత అంచుల్లో దుప్పటి పరచి అమ్మే పెద్ద బ్రాండ్ల నకిలీ సంచులు కొంటే అమ్మినవారికే కాదు, కొన్నవారికీ 7,000 యూరోల వరకు జరిమానా పడవచ్చు. ఇది తెలియనివారు చాలామంది.

సెప్టెంబరులో ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో కొత్త విద్యాసంవత్సరం మొదలవుతుంది. మిలాన్, బొలోన్యా, టురిన్, రోమ్‌లకు మన విద్యార్థులు వస్తారు. ఆలోగా మీ పర్యాటక పేజీలో ఒక్క వారం ఫొటోలు తగ్గించి, ఈ నాలుగు నగరాల్లో విద్యార్థులు ఎక్కువగా ఉండే పేటల సంతలు ఏ వీధిలో, ఏ రోజున, ఏ వేళకు జరుగుతాయో మునిసిపాలిటీ జాబితాలతో సరిచూసి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, టురిన్