ఆదివారం కాల్‌కి ముందు వినాల్సిన పాడ్‌కాస్ట్

అమ్మానాన్నలందరికీ నమస్కారం 🙏

ఆదివారం సాయంత్రం 5కి మన జూమ్ కాల్. ఈసారి ఆటిజం మీద వచ్చే 'యూనిక్లీ హ్యూమన్' పాడ్‌కాస్ట్ గురించి మాట్లాడుకుందాం. నడిపేది స్పీచ్ థెరపీ నిపుణుడు బ్యారీ ప్రిజాంట్, ఆయనతో డేవ్ ఫించ్. డేవ్‌కి స్వయంగా ఆటిజం ఉంది. మన పిల్లలు చెప్పలేనిది ఇలాంటి పెద్దవాళ్ల నోట వినొచ్చు, నాకైతే అదే అసలు లాభం. విన్న మాటే మళ్లీ మళ్లీ అనడం కూడా మాట్లాడే ప్రయత్నమేనంటారు ప్రిజాంట్. దీనిపై మీ ఇంటి అనుభవాలు చెప్పాలి!

ఏదో ఒక ఎపిసోడ్ విని రండి, థెరపీ సెంటర్ బయట కూర్చున్నప్పుడైనా సరే. ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి అమ్మమ్మలు, తాతయ్యల కోసం ఎవరైనా తెలుగులో చిన్న వాయిస్ నోట్ పెట్టండి.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోపు 👍 కొట్టండి.

మరోసారి గుర్తుచేస్తున్నా: 'ఆటిజం పూర్తిగా నయం' వీడియోలు ఇక్కడ ఫార్వర్డ్ చెయ్యొద్దు.